ఆరు కూతల తాళం

మా నాయన చేతికి ఏ కొత్త వస్తువు ఇచ్చినా ముందు వాసన చూస్తాడు. తరువాత చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు. యోగానంద మామ మద్రాసు బర్మాబజారులో కొని తెచ్చిన డిజిటల్ డైరీని కూడా అట్లాగే వాసన చూసి, ఊపి, "లోపల ఏమీ కదల్లేదే" అని నిరాశపడ్డాడు.

"కదిలితే చెడిపోయిందని అర్థం బావా," అన్నాడు మామ. "ఇంగ నీ గోడకు విశ్రాంతి ఇయ్యి. నంబర్లన్నీ దీంట్లో కొట్టుకో."

ఆ గోడ సంగతి చెప్పాలి. బంగారుపాళ్యంలో హైవే పక్కన మాది మామిడి అంట్ల నర్సరీ. ఫోను పెట్టిన గదిలో తలుపు పక్క గోడంతా నాయన రాసిన నంబర్లే. కొన్ని పెన్సిలుతో, కొన్ని బొగ్గుతో, ఒకటి మాత్రం అమ్మ కాటుకతో. తిరుపతిలో డిగ్రీ ముగించి 2002 వేసవిలో ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆ గోడను చూస్తే నాకు ఒళ్లు మండేది. నవీనకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అందరికీ చెబుతుంది. అది అబద్ధం. ముక్కు దాకా ఎక్కేంత ఓపిక నా కోపానికి లేదు.

అందుకని డైరీ నా చేతికి వచ్చింది. అరచేయంత ఉండేది, నల్లగా, పుస్తకం మాదిరి తెరుచుకునేది. లోపల చింతగింజల కంటే చిన్న మీటలు, వాటి పైన బూడిద రంగు గాజు తెర. దాంతోపాటు వచ్చిన పుస్తకం మొత్తం చీనా లిపిలో ఉంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. నాకు భలే సంతోషమైంది. ఇక ఏ మీట ఏం చేస్తుందో నొక్కి తెలుసుకోవడమే దారి, ఎవరూ వద్దనడానికి లేదు.

మొదటి రోజే దాని వీపున ఉన్న సన్నటి బెజ్జంలో పిన్నీసు పెట్టి నొక్కాను. కుయ్‌మని ఒక్క కూత కూసింది. మామ మాకు నేర్పిస్తూ కొట్టిన మూడు నంబర్లూ మాయమయ్యాయి. ఆ బెజ్జం జోలికి పోకూడదని అట్లా తెలిసింది.

గడియారం రెండున్నర గంటలు ముందు ఉండింది. నాయన పొద్దున ఆరింటికి అలారం పెట్టుకుంటే చీకట్లో మూడున్నరకే కూసి, ఆయన లేచి నారుమళ్లకు నీళ్లు కట్టేశాడు. తెల్లారదేమిరా అని బావి గట్టు మీద కూర్చుని ఆకాశం చూశాడట. వెతికితే అది హాంకాంగ్ వాళ్ల టైము. ఊర్ల పట్టీ అంతా తిప్పి చూశాను. మద్రాసు లేదు, హైదరాబాదు లేదు, ఢిల్లీ ఒక్కటే ఉంది.

"మన సిత్తూరు లేదా?" అన్నాడు నాయన.

"లేదు. ఢిల్లీ పెడితే మనకు సరిపోతుంది."

"ఈడ ఉండేవాళ్లం ఢిల్లీలో ఉండామని దానికి అబద్ధం సెప్పల్నా?" అన్నాడు. కానీ ఆ పట్టీ ఆయనకు భలే నచ్చింది. ఆ రోజు నుంచి అన్నం తింటూ ఒక్కో ఊరూ తిప్పి, "జపానోళ్లకు అప్పుడే సాయంత్రమైందంట" అని అమ్మకు చెప్పేవాడు. వాళ్లతో ఏదో పని ఉన్నట్టు అమ్మ కూడా "అట్లనా!" అనేది.

డి ఎస్ టి అని ఇంకొక మీట ఉండింది. నొక్కితే గడియారం గంట ముందుకు దూకేది, మళ్లీ నొక్కితే వెనక్కి వచ్చేది. ఎందుకో తలకెక్కలేదు. తిరుపతిలో నా హాస్టలు స్నేహితురాలు రూపశ్రీకి ఫోను చేసి అడిగాను. కొన్ని దేశాల్లో ఎండాకాలం రాగానే ఊరు ఊరంతా గడియారాలు గంట ముందుకు జరుపుకుంటారట. నాయనకు చెబితే చాలాసేపు ఆలోచించి, "మరి కోళ్లకు ఎవురు సెప్తారు?" అని అడిగాడు.

తేదీ ముందు నెల చూపించి తరువాత రోజు చూపించేది. అది తిరగేశాను. అక్షరాలు మసకగా ఉంటే చిక్కబరిచాను. ఒక్క విషయంలో మాత్రం నాయన నా మాట వినలేదు. మీట నొక్కినప్పుడల్లా అది కీచుమని కూసేది. ఆ కూత తీసేద్దామంటే ఒప్పుకోలేదు.

"కూస్తేనే గదా నొక్కినట్టు తెలిసేది. ఉండనీ పాపా, పిట్ట మాదిరి ఉండాది."

గోడ మీది నంబర్లు డైరీలో కొట్టే పని నాది. నాయన చదివేవాడు, నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేదాన్ని. అక్కడే మాకు రోజూ గొడవ. ఆయన "సిత్తూరు సలపతి" అంటాడు. నేను "చిత్తూరు చలపతి" అని గట్టిగా పలికి, సి హెచ్ నొక్కుతాను. ఆయనకు చ అనే అక్షరం నోట్లో లేనే లేదు.

"సంద్రా, నీళ్లు తే!" అని అమ్మను పిలిచాడంటే నాకు తిక్క రేగేది.

"నాయనా, సంద్రం అంటే సముద్రం. అమ్మ పేరు చంద్రకాంతమ్మ. చంద్ర అను. చ... చ..."

"అదే గదా అంటా ఉండా. సంద్ర."

"మీ నాయన ఎట్ల పిలిస్తే ఏమే," అనేది అమ్మ చెంబు తెస్తూ. "పలికేది నేనే గదా."

నేను కూడా అట్లా మాట్లాడిన దాన్నే. హాస్టలుకు పోయిన మొదటి వారం ఎవరితోనో "ఇట్ల సూడు" అన్నాను. అంతే, బయటి జిల్లాల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఏడాది పొడుగునా నన్ను సూడమ్మా అని పిలిచారు. దుప్పటి కప్పుకుని ఏడ్చాను. ఆ తరువాత అద్దం ముందు నిలబడి నా చ నేను సాధించుకున్నాను. అంత కష్టపడి సంపాదించినది ఇంట్లో ఎవరికీ అక్కరలేదంటే కోపం రాదా?

గోడ మీద పేర్లు లేని నంబర్లు పన్నెండు ఉన్నాయి. ఇవి ఎవరివని అడిగితే, "అవి నేను కొట్టుకుంటాలే" అన్నాడు నాయన.

అవి తల్లిచెట్లవి. అంట్లు కట్టేవాళ్లకు అసలు ఆస్తి తల్లిచెట్లే. ఏ తోటలో ఏ చెట్టు మంచి కాయ కాస్తుందో వెతుక్కుని, ఆ చెట్టు యజమానిని అడిగి, చిటికెన వేలంత పుల్లలు కోసుకొచ్చి, టెంక నుంచి మొలిచిన మొక్కకు కట్టాలి. ఆ చెట్టు ఎక్కడుందో పక్క నర్సరీవాడికి తెలిసిందంటే మరుసటి వారం వాడి దగ్గర కూడా అవే అంట్లు. నాయన ఇరవై ఏళ్లుగా ఆ పన్నెండు చెట్ల గుట్టు కాపాడుకుంటూ వచ్చాడు. అమ్మకు కూడా చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే నేను తాళంచెవి బొమ్మ ఉన్న మీటను కనిపెట్టాను. ఎనిమిది అక్షరాల లోపు ఒక మాట పెట్టుకుంటే, ఆ తరువాత కొట్టినవన్నీ వేరే అరలోకి పోతాయి. మాట కొట్టనిదే ఆ అర తెరుచుకోదు. నాయనకు చూపించాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"ఎవురికీ కనపడదా? నీకు కూడా?"

"నాకు కూడా. ఆ మాట నాకు చెప్పద్దు నాయనా. ఎవరికీ చెప్పకూడదు. అదే దాని మర్యాద." అప్పుడు నాకు భలే గొప్పగా అనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

నాయన డైరీ తీసుకుని ఎరువుల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. లోపల నుంచి కీచు కీచుమని కూతలు వినిపించాయి. ఆయన ఐదో తరగతి దాకా చదివాడు. ఇంగ్లీషు అక్షరాలు మొక్కల చీటీల మీద చూసి చూసి గుర్తుపడతాడు, వాటి పేర్లు ఆయనకు రావు. అయినా నాలుగు సాయంత్రాలు కూర్చుని పన్నెండు పేర్లూ ఒంటి వేలుతో తానే కొట్టుకున్నాడు. ఐదో రోజు నేను ఆ గోడకు తెల్లసున్నం కొట్టించేశాను.

జూలైలో నాయన కుడి కంటికి ఆపరేషను అయింది. ఎడమ కంటికి అప్పటికే పొర కమ్మి ఉంది. కుడి కంటికి కట్టు, ఎడమ కంటితో చూస్తే మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు. వారం రోజులు మంచం దిగకూడదన్నారు. రెండో రోజు పది గంటలప్పుడు, మా మొక్కలు తోలే టెంపో ధనంజయ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అన్నా, హైవే వెడల్పు సేసేవాళ్లు మొగిలి ఊరు దాటి ఈపక్కకు వచ్చేసినారు. సెట్లకు తెల్లపట్టీలు వేసినారు గదా, రేపు పొద్దున నుంచి కొట్టేస్తారంట. సెంగల్రాయుడు తోపులో ముందరి వరస అంతా పోతాది."

నాయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "ముందరి వరసలో మూడోది?"

"అన్నిట్నీ అన్నా."

ఆ మూడో చెట్టు నాయన గుట్టుగా దాచుకున్న పన్నెండింట్లో ఒకటని అప్పుడు తెలిసింది. అది శ్రావణంలో పండుతుంది. జిల్లాలో మామిడి కాయలన్నీ అయిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు కడిగి మూసేసిన తరువాత అది పండుతుంది. ఎవరూ నాటింది కాదు, ఎవరో తిని పారేసిన టెంక నుంచి మొలిచింది. అట్లాంటి చెట్టు అదొక్కటే. నాయన రెండేళ్ల కింద పుల్లలు తెచ్చి కడితే ఎండకు ఒక్కటీ బతకలేదు. ఈ ఏడు వానలకు మళ్లీ కట్టాలని ఆయన కాచుకుని ఉన్నాడు. చెట్టు పోతే ఇక ఆ కాయ భూమ్మీద ఉండదు.

"పాపా, పోయి నలభై పుల్లలు కోసుకోనిరా," అన్నాడు. "తడిగుడ్డలో సుట్టి తే. పో."

మోపెడ్ మీద పోయాను. ఎనిమిది కిలోమీటర్లు. తోపుకు ముళ్లకంచె, కట్టెల గేటు, గేటు వెనుక కాపలా ముసలాయన చిన్నబ్బ. నేను చెప్పిందంతా తలూపుతూ విన్నాడు.

"పుల్ల ముట్టేదానికి లేదు పాపా. తోపాయన సెంగల్రాయుడు నోటితో సెప్పల్ల."

"రేపు కొట్టేసే చెట్టు తాతా! రేపు దాన్ని లారీలో వేస్తారు!"

"రేపు వాళ్లు కొట్టేది వాళ్ల పాపం. ఈపొద్దు నీకు ఇచ్చేది నా తప్పు. ఈ ఎదుటి అంగట్లో పంచరంగడికి ఆయన ఫోను సేసి ఒక్క మాట సెప్తే, నేనే సెట్టెక్కి కోసిస్తా."

అరిచాను. ఇంకాస్త అరిచాను. ఆయన బీడీ వెలిగించుకున్నాడు. చెంగల్రాయుడు నంబరు అడిగితే తనకూ, పంచరంగడికీ తెలియదన్నాడు. ఆయన ఎప్పుడో ఊరు విడిచి సూళ్లూరుపేటలో ఉంటున్నాడు, ఇంట్లో ఫోను లేదు, పక్కింటివాళ్లది వాడుకుంటాడు. ఆ పక్కింటివాళ్ల పేరు తెలియకపోతే ఎంక్వైరీలో కూడా నంబరు ఇవ్వరు.

ఇంటికి వచ్చి, కంచె దూరి దొంగతనంగా కోసుకొస్తానని చెప్పాను. నాయన ఒప్పుకోలేదు. "ఇరవై ఏండ్లలో అడక్కుండా ఒక్క పుల్ల కొయ్యలా. ఆయన నంబరు డైరీలో ఉండాది. లోపలి అరలో."

డైరీ తెచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. తాళంచెవి మీట నొక్కితే మాట అడుగుతూ గీత మిణుకుమంది.

"చెప్పు. ఏం పెట్టావు?"

నాయన నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. అమ్మ రాగిజావ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"సంద్రా, పోయి కాఫీ పెట్టు."

"ఇప్పుడే గదయ్యా తాగినావు."

"ఇంగోటి పెట్టు."

అమ్మ గొణుక్కుంటూ లోపలికి పోయింది. నాయన నా చెవి ఎక్కడుందో చేత్తో తడిమి, వంగి, "మీ యమ్మ పేరు" అన్నాడు. చెంపలు ఎర్రబడ్డాయి, ఒట్టు. మా నాయన సిగ్గుపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

"చంద్రకాంతమ్మ మొత్తం పట్టదే!"

"నేను పిలిసేది."

"అంటే చంద్ర."

"ఆ. సంద్ర."

సి హెచ్ ఎ ఎన్ డి ఆర్ ఎ. కుయ్‌మని పొడుగ్గా కూసి, తప్పు అని చూపించింది. చివర ఇంకో ఎ పెట్టాను. తప్పు. డి పక్కన హెచ్ పెట్టాను. తప్పు. చివర ఎమ్ పెట్టాను, మొదట్లో ఎ బదులు ఇ పెట్టాను. అన్నిటికీ ఒకటే కూత.

"సరిగ్గా గుర్తు తెచ్చుకో నాయనా! మొదటి అక్షరం ఏది?"

"స."

"చ. ఇంగ్లీషులో ఏది కొట్టావు?"

"పేర్లు నాకేం తెలుసు? సూపియ్యల్లంటే సూపిస్తా. కండ్లు కట్టేసినారే."

"ఎట్లా ఉంటుంది చూసేదానికి?"

"వంకరగా ఉంటాది. పుల్లను వంగదీసినట్టు."

వంకరగా ఉండేది సి. సి కొట్టాను కదా! మధ్యాహ్నం రెండు దాటింది. చిన్నబ్బ పొద్దుగూకితే గేటుకు గొళ్లెం పెట్టి ఊర్లోకి పోతాడు. తెల్లారితే గొడ్డళ్లు వస్తాయి. డైరీ వీపున ఉన్న బెజ్జం నన్నే చూస్తున్నట్టుంది. అది నొక్కితే తాళం పోతుంది, తాళంతోపాటు పన్నెండు చెట్లూ పోతాయి. గోడ వైపు చూశాను. తెల్లగా, నున్నగా, నేను కొట్టించిన సున్నం.

"ఆరు," అన్నాడు నాయన ఉన్నట్టుండి.

"ఏం ఆరు?"

"ఆరు సార్లు కూసింది. ఆ మాట కొట్టినప్పుడు. నేను లెక్క పెట్టుకున్నా."

వేళ్ల మీద లెక్కపెట్టాను. చంద్రకు ఏడు అక్షరాలు. ఒకటి ఎక్కువ! హెచ్ తీసేసి సి ఎ ఎన్ డి ఆర్ ఎ కొట్టాను. ఆరు కూతలు కూసింది. కుయ్‌మని మళ్లీ తప్పు.

అంతే, నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "నీకు మాటే సరిగ్గా పలకడం రాదు, నీకెందుకు నాయనా ఈ తాళాలు! అందరి మాదిరి ఒక్క అక్షరం సరిగ్గా అనుంటే ఈ పాటికి చెట్టు మన చేతిలో ఉండేది!"

నాయన కట్టు లేని కన్నును కూడా మూసుకుని, గోడ వైపు తిరిగాడు. కాసేపటికి, "నిజమేలే పాపా" అన్నాడు. ఆ మాట కన్నా నన్ను చాచి కొట్టినా బాగుండేది. హాస్టల్లో ఆ పిల్లలు నన్ను ఏడిపించిన దాని కంటే ఎక్కువగా నేను ఆయన్ను ఏడిపించాను. అది నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా ఏం చేయాలో తోచక మీటల వైపు చూస్తూ కూర్చున్నాను.

అమ్మ కాఫీ తెచ్చింది. గ్లాసు చప్పుడు విని నాయన ఇటు తిరగకుండానే నెమ్మదిగా అన్నాడు: "ఆడ పెట్టు సంద్రా."

ఆ పిలుపు నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. ఆయన స అనగానే నా చెవి దాన్ని చ అని దిద్దుకుని లోపలికి పంపేది. ఎన్నేళ్లుగా ఆయన మాటను ఆయన పలికినట్టు నేను విననే లేదు. ఆ పూట మొదటిసారి విన్నాను. సంద్రా. స. వంకరగా ఉండే అక్షరం, వంచిన పుల్ల మాదిరి. ఈయన నాకు ఇందాకటి నుంచి సరిగ్గానే చెబుతున్నాడు!

ఎస్. ఎ. ఎన్. డి. ఆర్. ఎ.

ఆరు కూతలు. తెర ఒక్క క్షణం ఖాళీ అయింది. తరువాత వరసగా పేర్లు వచ్చాయి. సెంగల్రాయుడు. సిత్తూరు కాలేజి ఎనక. సింతపాళ్యం మునిసంద్ర. సక్కెరగుట్టి సెట్టు. పన్నెండింట్లో ఏడు ఎస్ కిందే ఉన్నాయి. ఆయన ఎట్లా పలుకుతాడో అట్లాగే, ఒక్క తప్పు లేకుండా. నాకు నవ్వు వచ్చింది, దాని వెంబడే ఏడుపు వచ్చింది.

"తెరుసుకుందా?" అన్నాడు నాయన.

"తెరుసుకుంది నాయనా." నా నోటి నుంచి కూడా స వచ్చింది. దిద్దుకోలేదు.

ఫోను తీసింది సంతోషమ్మ అనే ఆవిడ. చెంగల్రాయుడు అప్పుడే మద్రాసు రైలుకని బయలుదేరాడని చెప్పింది. "అమ్మా, పరిగెత్తి పిలువమ్మా, చెట్టు పోతుందని చెప్పు!" అని నేను అరిచిన అరుపుకు ఆవిడ ఫోను కింద పెట్టి నిజంగానే పరిగెత్తింది. ఎవరింట్లోనో కుక్కర్ కూస్తూ ఉంది. నాలుగు కూతలు లెక్కపెట్టాను. అప్పుడు రొప్పుతూ ఒక మగ గొంతు వచ్చింది.

"ఎవురు? ఏ సెట్టు?"

చెప్పాను.

"నాకెవురూ సెప్పలేదు పాపా," అన్నాడు ఆయన. "నోటీసు వచ్చింది గానీ, ఆ వరస అని తెలీదు. మీ నాయన బాగుండాడా? ఎన్ని కావల్నో అన్ని కోసుకోండి. నేను ఇప్పుడే పంచరంగడికి సెప్తా. నాకొక్క మొక్క మాత్రం ఇయ్యండి. కుండీలో అయినా పెట్టుకుంటా."

నేను మళ్లీ పోయేసరికి చిన్నబ్బ అన్న మాట ప్రకారం చెట్టెక్కి ఉన్నాడు. పచ్చికాయలు ఇంకా గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. నలభై అడిగితే అరవై కోసిచ్చాడు. మరునాడు పొద్దున ఏడింటికల్లా ఆ వరస నేల మీద ఉందని ధనంజయ చెప్పాడు.

పుల్లలు రెండు రోజులకు మించి ఆగవు. నాయనకు కట్టు విప్పడానికి ఇంకా నాలుగు రోజులు ఉంది. అందుకని కత్తి నా చేతికిచ్చాడు. నేను ఏటవాలుగా కోసిన పుల్లను ఆయన బొటనవేలితో తడిమి, నున్నగా ఉంటే "ఊ" అనేవాడు, లేకపోతే పారేయమనేవాడు. అమ్మ ప్లాస్టిక్ పట్టీ చుట్టి ముడి వేసేది. నా వేళ్లు రెండు చోట్ల తెగాయి. నా కోపానికి ఆ పుల్లలు ఏమాత్రం భయపడలేదు.

మూడు వారాలకు పంతొమ్మిది చిగురించాయి. నాయన కొత్త కన్నుతో ఒక్కో చిగురు దగ్గరా కూర్చుని చూశాడు. ఎర్రగా, పలుచగా ఉన్నాయి.

"దీనికింగ పేరు పెట్టల్ల," అన్నాడు. "మీ యమ్మ పేరే పెడదాం. మొక్కకు కట్టే సీటీ నువ్వు రాయి పాపా. కొనేవాళ్లు సదివేది గదా, నా మాదిరి కాకుండా సరిగ్గా రాయి. డైరీలో ఉండేవి కూడా దిద్దిపెట్టు."

"డైరీ దిద్దను."

"ఎందుకు?"

"దిద్దితే తాళం పోతుంది."

రేకు ముక్క మీద నల్ల పెయింటుతో రాసి, మొదటి మొక్కకు కట్టాను. అమ్మ నీళ్ల బిందె దించి వచ్చి, వంగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"సం... ద్ర... కాంతం. ఇదేందే, ఇంత సదువు సదివి నా పేరు తప్పు రాసినావు?"

"తప్పు గాదుమా," అన్నాను. "నాయన పిలిసేది అట్లనే."